బొంతల పత్రికకు పెదనాన్న చందా

మా పెదనాన్న సిటీ బస్సు డ్రైవరు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన డ్రైవరుగారే. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించేది కాదు. ఎంత ఇరుకు సందులోనైనా రెండు పక్కలా బెత్తెడు జాగా మిగిల్చి బస్సు తిప్పేస్తాడని డిపోలో చెప్పుకునేవారు. ఇంట్లో మాత్రం మంచినీళ్ల గ్లాసు ఎక్కడుంటుందో తెలియని మనిషి. పొద్దున్నే వెళ్లేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు, తినేసి పడుకునేవాడు.

పెద్దమ్మ ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు, గౌన్లు, కర్టెన్లు కుట్టేది. మిగిలిన గుడ్డముక్కల్ని రంగుల వారీగా సంచుల్లో దాచి, తీరిక చిక్కినప్పుడు బొంతలు కుట్టేది. ఇంటి పిల్లలమంతా ఆ బొంతలు కప్పుకునే పెరిగాం. పెదనాన్న కూడా వాటినే కప్పుకున్నాడు గానీ, అవి ఎలా తయారవుతున్నాయో ఆయనకు పట్టినట్టు లేదు.

ఒక వానాకాలం పొద్దున డిపోలో నేలమీద ఒలికిన నూనె మీద కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి, కొన్ని నెలలు కదలకూడదని ఇంటికి పంపారు. వాళ్ల వాటా మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. కాలికి వ్యాయామం చేయించడానికి క్లినిక్‌కి తీసుకెళ్లాల్సిన రోజుల్లో ఆయన బస్సు కండక్టరూ, డిపో మెకానిక్కూ వచ్చి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీ ఎత్తుకుని మెట్లు దిగేవారు. ప్రతి మలుపులోనూ కండక్టరు "రైట్, రైట్" అనేవాడు. నొప్పిలో కూడా పెదనాన్నకు నవ్వు ఆగేది కాదు.

మిగిలిన రోజుల్లో మాత్రం ఆయనతో వేగడం కష్టమైపోయింది. మంచం ముందుగదిలో కిటికీ పక్కనే వేశారు. కింద వెళ్లే ప్రతి బండికీ పైనుంచి చీవాట్లే. "సిగ్నల్ ఇవ్వకుండా తిరుగుతాడేంటి వీడు. లైసెన్సు ఎవడిచ్చాడు వీడికి." మిషను చప్పుడు ఆగితే ఆ గొంతు, గొంతు ఆగితే మిషను చప్పుడు. కొన్నాళ్లు ఓర్చుకున్న పెద్దమ్మ ఒకరోజు గుడ్డముక్కల సంచి తెచ్చి ఆయన ఒళ్లో బోర్లించింది.

"ఏవండీ, నోటికి పని చెప్పింది చాలు. కాస్త చేతులకి చెప్పండి. లేత రంగులు ఒక పక్క, ముదురువి ఒక పక్క పెట్టండి."

ఏ కళనున్నాడో, పెట్టాడు. మర్నాడు సూదీ దారం ఇచ్చింది. మొదటి వరసలు పాము పాకినట్టు వచ్చాయి. ఆవిడ విప్పేస్తుందేమోనని ఓరకంట చూస్తూ ఉండేవాడట. ఆవిడ విప్పలేదు. ఆ వంకర వరస పక్కనే తన వరస మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి కింద రోడ్డు మీద రెండు లారీలు గుద్దుకున్నా పెదనాన్న తల తిప్పడం మానేశాడు.

అప్పుడు దొరికింది ఆ పత్రిక. క్లినిక్‌లో బెంచీ మీద పడి ఉందట, అట్ట కూడా లేదు. మూణ్ణెల్లకోసారి వచ్చే పత్రిక, అంతా బొంతల గురించే. "తీసుకెళ్లండి, ఇక్కడెవరూ ముట్టుకోరు" అంది అక్కడి అమ్మాయి. పెదనాన్న దాన్ని పరీక్షకు చదివినట్టు చదివాడు. మధ్య పేజీల్లో పెద్ద నక్షత్రం బొంత ఒకటి ఉంది. ముక్కలు కత్తిరించడం, అతకడం అన్నీ బొమ్మలతో చెప్పి, అంచు కుట్టే పద్ధతి మాత్రం వచ్చే సంచికలో అన్నారు. చివరి పేజీలో చందా కట్టే వివరాలున్నాయి.

నేను శనివారాలు వాళ్లింటికి వెళ్లేదాన్ని. వెళ్లినప్పుడల్లా అదే ప్రశ్న.

"అమ్మాయ్, చందా కట్టమంటావా?"

"కట్టు పెదనాన్నా, దానికింత ఆలోచనెందుకు?"

"రేపు కాలు బాగై డ్యూటీకి వెళ్తే కుట్టేదెప్పుడు? ఊరికే అటక మీద పడుంటుంది."

"అయితే మానెయ్."

"మానేస్తే ఆ అంచు సంగతి ఎలా తెలుస్తుంది?"

చివరికి అసలు విషయం బయటపడింది. పోస్టుమాన్ రోజూ ఎక్కేది వీళ్ల డిపో బస్సే. పొద్దున పత్రిక చేతికిస్తే మధ్యాహ్నానికల్లా డ్రైవరుగారు బొంతలు కుడుతున్నారని డిపో అంతా పాకిపోతుంది.

"పెద్దమ్మ పేరు మీద తెప్పించుకో అయితే" అన్నాను.

ఆయన జవాబు చెప్పేలోపు మిషను దగ్గర్నుంచి పెద్దమ్మ అంది: "నా పేరు వాడొద్దు. పుస్తకం చూసి కుట్టే అలవాటు నాకు లేదు. చదివేది మీరైతే మీ పేరే పెట్టుకోండి."

అలా నానుతూ ఉండగా ఒక సాయంత్రం కండక్టరూ మెకానిక్కూ చెప్పాపెట్టకుండా చూడ్డానికొచ్చారు. మెట్ల మీద వాళ్ల గొంతులు వినగానే పెదనాన్న చేతిలో ఉన్నదంతా దుప్పటి కిందికి తోసేశాడు. మెకానిక్కు వచ్చి మంచం మీద కూర్చోబోయి, కూర్చున్నంత వేగంగా లేచాడు. సూది దిగింది. ఇంక దాచడానికేముంది. కండక్టరు వీధి చివరిదాకా వినపడేలా నవ్వాడు. మెకానిక్కు తడుముకుంటూనే బొంత బయటికి లాగి, ఇంజను చూసినట్టు తిరగేసి చూశాడు.

"ఎవరు కుట్టారు వదినా?"

"మీ అన్నయ్యగారే" అంది పెద్దమ్మ.

"కుట్టు గట్టిగానే ఉంది. ఈ మూల కొంచెం పట్టేసింది" అన్నాడు.

మెకానిక్కు నోట అంతకంటే మెచ్చుకోలు ఎవరూ విని ఉండరు. కండక్టరు నవ్వు ఆపి బొంతను చేత్తో ఎత్తి బరువు చూశాడు. తర్వాత మెల్లిగా అడిగాడు: "అన్నా, మా అమ్మకి ఆపరేషన్ అయింది కదా. ఎన్ని కప్పినా చలంటోంది. బరువుగా ఉంటే ఊపిరాడట్లేదంటుంది. ఇలాంటిదొకటి ఇప్పించగలవా?"

పెదనాన్న పెద్దమ్మ వైపు చూశాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు.

"నేనే కుడతాను" అన్నాడు.

మర్నాడే తన పేరు మీద చందా కట్టాడు. నక్షత్రం మొదలుపెట్టాడు. నక్షత్రమైతే పూర్తయింది గానీ అంచు దగ్గర ఆగిపోయి, సంచిక కోసం ఎదురుచూశాడు. పోస్టుమాన్ వచ్చి, "మేడమ్‌గారికాండీ?" అని అడిగాడట.

"నాకే" అన్నాడు పెదనాన్న.

"చూసేశాక ఒకసారి ఇస్తారా? మా ఆవిడకి చూపిస్తాను" అని వెళ్లిపోయాడట పోస్టుమాన్.

తీరా చూస్తే అందులో నక్షత్రం ఊసే లేదు. పత్రికాఫీసుకి ఫోన్ చేస్తే, "ఆ నక్షత్రం వేసి చాలా ఏళ్లయిందండీ" అందట అక్కడి ఆవిడ. అంత పాత సంచికతో తను కుస్తీ పడుతున్నట్టు పెదనాన్నకు అప్పుడు తెలిసింది. ఆవిడ విసుక్కోకుండా అంచు సంగతి నోటితోనే చెప్పింది. ఈయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెద్దమ్మ వచ్చి ఫోను తీసుకుంది. ఇద్దరూ గుడ్డ గురించి, దూది గురించి, మెడనొప్పి గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఫోను పెట్టేశాక పెద్దమ్మ ఆయన పక్కన కూర్చుని అంది: "ఇంతే. మీరు కుట్టండి, నేను చెప్తాను."

బొంత పూర్తయ్యేసరికి పెదనాన్న చేతికర్రతో మెట్లు దిగగలుగుతున్నాడు. ఒక ఆదివారం నన్ను తోడు తీసుకుని కండక్టరు ఇంటికి వెళ్లాడు. వాళ్లమ్మ బొంతను ఒళ్లో పరచుకుని, అతుకుల వెంట వేళ్లతో తడిమి చూసుకుంది.

"ఇంత పని నాకెందుకు చేశావు నాయనా?"

"మీ అబ్బాయి నన్ను మెట్ల మీద మోశాడమ్మా."

"వాడికి చిన్నప్పట్నుంచీ ఏది మోయమన్నా సరదానే, పుస్తకాల సంచి తప్ప" అంది ఆవిడ. కండక్టరు తలుపు దగ్గర నిలబడి అవతలికి చూశాడు.

తిరిగి వస్తుంటే బస్సులో పెదనాన్న ప్రయాణికుల సీట్లో కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తూ అన్నాడు: "మీ పెద్దమ్మ ఇన్నేళ్లూ ఆ గదిలో ఏం చేసేదో నాకు తెలీదే అమ్మాయ్. నేను కప్పుకుని పడుకున్నదంతా ఆవిడ పనే. అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఈ వయసులోనైనా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది చూడు, అది నా అదృష్టం."

ఆ మాట పెద్దమ్మతో అన్నాడో లేదో నాకు తెలియదు. తర్వాత డిపోలో ఆయనకు టికెట్ల గదిలో కూర్చునే పని ఇచ్చారు. డిపో అంతా బొంతల సంగతి తెలిసిపోయింది, చలికాలం ముందు ఆయన వెంట పడేవాళ్లు కూడా తయారయ్యారు. చందా మళ్లీ కట్టే వేళకు నన్నెవరూ సలహా అడగలేదు. పత్రిక వచ్చిన రోజు ముందు చదివేది పెద్దమ్మ. నచ్చిన పేజీల్లో గుడ్డముక్కలు గుర్తు పెడుతుంది. ఆయన కత్తెర పట్టుకుని, ఆవిడ చదవడం అయ్యేదాకా ఎదురుగా కూర్చుని ఉంటాడు.