మందే కదా అనుకున్నాం

మా ఆయన ఇరవై రెండేళ్ళు పశువులకు సూదులు వేశాడు. అందరూ ఆయనను సూదులాయన అనేవారు. నన్ను సూదులమ్మ అనేవారు, నేను బట్టలు కుట్టే సూది తప్ప మరొకటి ముట్టకపోయినా. మంచుముక్కల పెట్టె బండి వెనక కట్టుకుని పొద్దున్నే బయల్దేరేవాడు. ఏ ఇంటి ఆవు తంతుందో, ఏ ఇంటి గేదె కొమ్ము విసురుతుందో, ఏ ఇంటావిడ పశువు కంటే ముందు తానే కసురుతుందో ఆయనకు కంఠతా వచ్చు. సూది వేసే ముందు పశువు చెవిలో ఏదో గొణిగేవాడు. ఏం చెబుతావని అడిగితే, "అబద్ధమే. నొప్పుండదని," అనేవాడు.

ఆ రోజు పెయ్యదూడల టీకా ముగించుకుని వచ్చాడు. ఆవులు నెలలు నిండకుండానే దూడను పడేసి ఈసుకుపోయే జబ్బు ఒకటుంది. అది రాకుండా ఆడదూడలకు చిన్నప్పుడే వేస్తారు. సీసాలో ఒక్క మోతాదు మిగిలింది. కలిపిన మందు మర్నాటికి పనికిరాదు, మన దూడకు వేసేద్దాం, తాడు పట్టుకో అన్నాడు. చేతి తొడుగులు అప్పటికే విప్పేశాడు. నేను తాడు పట్టుకున్నాను. దూడ ఒక్కసారిగా ఎగిరింది. తాడు నా చేతిలోంచి జారింది. సూది ఆయన ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది.

రక్తం చుక్క కూడా సరిగా రాలేదు. సబ్బుతో కడుక్కున్నాడు. నా మొహం చూసి, "మందే కదే, విషం కాదుగా. ఇక నేను ఈసుకుపోనులే," అన్నాడు. నేనూ నవ్వాను. తొడుగులు లేకుండా వేశానని ఆఫీసులో తెలిస్తే మాట పడాలి, ఎవరితోనూ అనకు అన్నాడు. అనలేదు.

మూడు వారాలకు జ్వరం వచ్చింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోయేది, తెల్లారేసరికి దుప్పటి పిండితే నీళ్ళు కారేంత చెమట. నాలుగు రోజులు తగ్గేది, మళ్ళీ వచ్చేది. నడుము పట్టేసేది. మా వీధి చివరి డాక్టరు మూడుసార్లు బిళ్ళలు మార్చాడు. ఒకసారి, "మందు అలవాటుందా?" అని అడిగాడు. డాక్టరు అడిగింది తాగుడు సంగతి. మా ఆయన వెంటనే, "నా మందంతా పశువులకేనండీ," అన్నాడు. డాక్టరు పగలబడి నవ్వాడు. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. అప్పుడు ఇంకొక్క మాట పొడిగించి ఉంటే సరిపోయేది. మందంటే బాగుచేసేదనే నాకు తెలుసు. అదే జబ్బు చేస్తుందని నా బుర్రకు ఎక్కడ తడుతుంది?

ఏడో నెలకు మెట్లెక్కలేకపోయాడు. పెద్దాసుపత్రిలో చేర్చాం. అక్కడి డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని, ఆయన ఏం పని చేస్తాడని అడిగింది. చెప్పాను. సూది ఎప్పుడైనా చేతికి గుచ్చుకుందా అంది. ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. కాపురానికి వచ్చాక ఆయన వద్దన్న మాట నేను అనడం అదే మొదలు.

"గుచ్చుకుందమ్మా. తాడు నేనే పట్టుకున్నాను."

ఆవిడ కోప్పడలేదు. ఆ మందులో ఉండేవి చచ్చిన క్రిములు కావట, బతికున్నవేనట. దూడ తట్టుకునేలా వాటిని నీరసపరిచి పెడతారట. మనిషి ఒంట్లోకి వెళితే మాత్రం ఆ జబ్బే తెచ్చిపెట్టగలవట. గుచ్చుకున్నప్పుడే వచ్చి ఉంటే బిళ్ళలతో ఆపే వీలుండేదని, ఇప్పుడు గుండె కవాటం దాకా పాకిందని చెప్పింది. మందులు మొదలుపెట్టారు.

మధ్యాహ్నం ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు. తిడతాడనుకున్నాను. "మనవాళ్ళకు ఫోన్ చెయ్యి. తొడుగులు విప్పొద్దని చెప్పు," అన్నాడు.

వరండాలో నిలబడి, ఆయనతో పాటు సూదులకు తిరిగే రేడియోకు ఫోన్ చేశాను. నోరు మూతపడదని అతనికా పేరు. జరిగిందంతా చెప్పాను. అతను గొంతు బాగా తగ్గించాడు.

"వదినా, పోయిన నెల నాకూ గుచ్చుకుంది. రెండ్రోజులుగా జ్వరం. మందే కదా అని..."

"ఇప్పుడే బయల్దేరు. దేన్నీ దాచకు," అన్నాను.

మా ఆయన పదకొండో రోజున పోయాడు. రేడియో రెండు నెలలు మందులు మింగి లేచాడు. ఒకరోజు అతని భార్య మా ఇంటికి వచ్చి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. మీ ఆయన ఎలా ఉన్నాడని నేనే అడిగాను. మళ్ళీ పనికి వెళుతున్నాడంది, తప్పు చేసినదానిలా తల దించుకుని. చాలా మంచిదమ్మా అన్నాను. నిజంగానే అన్నాను. కాని ఆవిడ తొందరగా లేచి వెళ్ళిపోతే బాగుండుననిపించింది.