నొక్కింది ఒకటి, పలికింది ఒకటి

హెల్వీ రాంటాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో అంటారు. ఉండదా మరి? పాతికేళ్లుగా అంబులెన్సులు పంపే సాఫ్ట్‌వేర్ రాస్తున్న మనిషి. ఎక్కడో ఎవరో మొత్తుకుంటుంటే "మా దగ్గర ఆ తప్పు రావడం లేదు" అని ఫిర్యాదు మూసేసే వాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. వాళ్ల బల్లల మీద రెండు కంప్యూటరు తెరలూ కవలపిల్లల్లా ఒకేలా ఉంటాయి. వాళ్లకెందుకు వస్తుంది!

ఆ జనవరిలో వచ్చిన ఫిర్యాదూ అలాంటిదే. ఒక పెద్ద సరస్సు ఉత్తరపు ఒడ్డున, చిన్న ఊరి అంబులెన్సు కంట్రోల్ రూములో పాత తెర పక్కన ఖరీదైన కొత్త తెర పెట్టారు. అక్కడ పనిచేసే మార్సీ బోషాన్, కోల్డర్ బే అనే ఊరికి వెళ్లాల్సిన అంబులెన్సును కోరీ క్రీక్‌కు పంపింది. ఒకటి తూర్పున, ఒకటి పడమరన. తుంటి విరిగిన ఓర్విల్ స్నెల్ అనే ముసలాయన తన వాకిట్లో మంచు మీద గంటకు పైగా పడి ఉన్నాడు. ప్రాణం దక్కింది కానీ కాలి వేళ్లు రెండు తీసేశారు. మార్సీని పనిలోంచి పక్కన పెట్టారు. శుక్రవారం విచారణ, ఆ తర్వాత ఉద్యోగం ఊడటమే. తెర మీద సరైన బటనే నొక్కానని ఆమె మొదట గట్టిగా చెప్పింది. పదే పదే అడిగేసరికి, చెయ్యి జారిందేమో అంది.

"ఆవిడే ఒప్పుకుంది కదా, వదిలెయ్ హెల్వీ," అన్నాడు మేనేజరు క్లేటన్.

"ఒప్పుకుందా, ఒప్పించారా? ఆ కుర్చీలో నువ్వు ఒక్కసారైనా కూర్చున్నావా?"

హెల్వీ కారు తీసి, మంచులోనే ఆ ఊరికి వెళ్లింది. మార్సీ కుర్చీలో కూర్చుని అన్ని బటన్లూ నొక్కింది. అన్నీ సరిగ్గా పలికాయి. క్లేటన్ మొహం గుర్తొచ్చి ఇంకా చిర్రెత్తింది. చివరికి పక్క సీటులోని డాట్ అనే పెద్దావిడను పిలిచింది.

"మీరు రోజూ ఎలా పెట్టుకుంటారో అలా పెట్టండి."

డాట్ తెర మీద ఊళ్ల పేర్ల బటన్లున్న కిటికీని, అదే విండోను, పక్కకు లాగింది. సగం కొత్త తెర మీద, సగం పాత తెర మీద ఉండేలా వదిలింది.

"చలికాలమంతా ఇంతేనమ్మా. రోడ్డు కెమెరాల బొమ్మలు మంచి తెర మీద కనపడొద్దూ?"

హెల్వీ కోల్డర్ బే నొక్కింది. దాని కిందున్న కోరీ క్రీక్ వెలిగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. "పంపమంటారా" అని అడిగే పెట్టె వచ్చింది. అందులో ఊరి పేరు చీమ తలకాయంత.

కొత్త తెర మీద బొమ్మను కూర్చే చుక్కలు మరీ సన్నం. అందుకని బొమ్మల్ని పెంచి గీయాలి. గీసే కోడు పెంచింది. కిటికీ రెండు తెరల మధ్య ఉన్నప్పుడు, వేలు ఎక్కడ పడిందో లెక్కగట్టే కోడు మాత్రం పాత కొలతే పట్టుకుంది. కంటికి కనిపించే బటను ఒక చోట, అసలు బటను ఇంకో చోట. పెట్టెలోని అక్షరాలనైతే పెంచడమే మరిచారు. చేసిన దరిద్రమంతా ఇదీ.

"ఏమండీ డాట్, ఇన్నాళ్లూ ఎవరికీ ఇలా కాలేదా?"

"అవుతుంటుంది. చూసుకుని మార్చుకుంటాం. మన వేళ్లే లావు అనుకున్నాం."

హెల్వీకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆఫీసుకు వెనక్కి వెళ్లి, తిట్టుకుంటూనే కోడు సరిచేసింది. కొత్త వెర్షను గురించి వాడేవాళ్లకు క్లేటన్ ఒక్క ముక్క రాశాడు: తెర మీద చిన్న మార్పులు.

"చిన్న మార్పులా? సిగ్గు లేదూ? విచారణకు నేను వెళ్తున్నా. పాత వెర్షను మీదే అక్కడ నొక్కి చూపిస్తా."

"మన కంపెనీ లాయరు ఒప్పుకోడు."

"ఆయన్ని ఓ గంట మంచు మీద పడుకోమను, ఒప్పుకుంటాడు."

వెళ్లింది, చూపించింది. విచారణ చేసే పెద్దవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తామే నొక్కి చూసుకున్నారు. మార్సీని సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు.

బయట కార్ల దగ్గర మార్సీ నిలబడి ఉంది. ధన్యవాదాలు చెబుతుందనుకుంది హెల్వీ.

"ఆస్పత్రికి వెళ్లాను, తెలుసా?" అంది మార్సీ. "ఆ ముసలాయన మంచం పక్కన నిలబడి, నా చెయ్యి జారింది బాబూ అని ఏడ్చాను. పోనీలే తల్లీ అన్నాడు. ఆ మన్నింపు నేనెందుకు మోయాలి? నేనేం చేశాను? కాఫీ పోసుకోవాలన్నా నా చేతిని నేను నమ్మలేకపోతున్నాను. మీరు ఉద్యోగం ఇప్పించి చేతులు దులుపుకుంటారు!"

ఆ కోడు నేను ఒక్కదాన్నే రాయలేదు అనే మాట హెల్వీ నోటిదాకా వచ్చింది. అది అచ్చం క్లేటన్ అనే మాటే. మింగేసింది.

"ఆ ముసలాయన ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"కారెక్కు."

ఆస్పత్రికి చేరారు. వార్డు గుమ్మం దగ్గర మార్సీ ఆగిపోయి, హెల్వీకి దారి ఇచ్చింది.

"మీరు ముందు నడవండి. తప్పు ఎక్కడుందో ఆయనకు మీరే చెప్పండి," అంది.