తలలో గడ్డకు కోతా, కరెంటా?

నాకేదో అయిందని మొదట కనిపెట్టింది మా పక్క సాలు పట్టే ఖాజాబీ. అయిజ దగ్గర మాకున్న కొద్ది పొలంలో సీడు పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి, వేస్తాం. ఆడ మొక్కల మొగ్గలను సాయంత్రం వొలిచి, గుర్తుకు ఎర్ర కాగితం చుట్టి, మర్నాడు పొద్దున ఆ కాగితం తీసి మగ పువ్వు పుప్పొడి రాయాలి. ఈ పనినే క్రాసింగ్ అంటాం. ఎండ ముదిరాక రాస్తే కాయ నిలవదు. ఆ పొద్దున ఖాజాబీ నా వెనక చూసి నవ్వింది.

"ఏందక్కా, ఎడమ దిక్కు పూలన్ని ఇడిసిపెట్టి పోతున్నవ్? వాటి మీద అలిగినవా?"

వెనక్కి వెళ్ళి చూశాను. కుడి పక్క ఒక్కటీ తప్పలేదు. ఎడమ పక్క ఎర్ర కాగితాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పనిలో నాకు వంక పెట్టేవాళ్ళు లేరని గొప్పలు పోయే మనిషిని. తల కొట్టేసినట్టయింది.

అప్పటికే పొద్దున లేస్తూనే తలనొప్పి, ఒకటి రెండు వాంతులు. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తలుపుకు తగిలేది. అద్దాలు మార్చుకుంటే సరిపోతుందనుకుని గద్వాల వెళ్ళాం. కంటి డాక్టరు ముక్కుసూటిగా చూడమని, పక్కల నుంచి వేళ్ళు ఆడించి చూశాడు. "రెండు కళ్ళకూ ఎడమ పక్కే తెలియట్లేదు. లోపం కంట్లో లేదమ్మా. ఇంతకు ముందు పెద్ద జబ్బేమైనా చేసిందా?" అని అడిగాడు.

చేసింది. మూడేళ్ళ కింద రొమ్ము క్యాన్సర్‌కు హైదరాబాదులో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. మా వైపు రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు. ఛాతీ మీద చర్మం నల్లబడి ఊడింది. ఆ కథ అయిపోయిందనే అనుకున్నాను.

మళ్ళీ అదే దవాఖానకు వెళ్ళాం. ఎమ్మారై తీశారు. రిపోర్టు వచ్చాక మా ఆయన నర్సింహులు, వాళ్ళన్న, అంటే మా పెద్దబావ, డాక్టరు గదిలోకి వెళ్ళారు. నేనూ లేవబోతే మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు ఈడ్నే కూసో. లోపల ఏసీ సల్లగుంటది, నీకు పడదు."

చాలాసేపటికి బయటికి వచ్చారు. ఇద్దరూ నా మొహం చూడలేదు.

"నరాలకు వాపొచ్చిందంట. గోళీలిచ్చిండ్రు. ఏం పరేషాన్ కాకు" అన్నాడు మా ఆయన.

అది సగం నిజం. లోపల డాక్టరు చెప్పింది వేరే. రొమ్ము జబ్బే తలలోకి పాకిందని, దీన్ని సెకండరీ అంటారని, ఆపరేషనో రేడియేషనో తొందరగా తేల్చుకోవాలని, అంతవరకు వాపు తగ్గే డెక్సా గోళీలు ఒక్క పూట కూడా ఆపకూడదని. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఇంట్లో మగవాళ్ళు అరుగు మీద గుసగుసలాడేవారు. నేను చాయ్ పట్టుకుని వెళ్తే వానల గురించి మాట్లాడేవారు. పెద్దబావకు కోత అంటే భయం. కల్వకుర్తిలో ఆయన బావమరిదికి బండి ప్రమాదంలో తలకు ఆపరేషన్ అయింది, ఆ తర్వాత మాట పడిపోయింది. మా ఆయనకు కరెంటు అంటే భయం. నా ఛాతీకి కట్టు మార్చింది ఆయనే మరి. ఎవరి భయం వాళ్ళది. తేల్చలేక రోజులు గడిపేశారు.

ఈలోగా గోళీలు బ్రహ్మాండంగా పనిచేశాయి. తలనొప్పి మాయం. చూపు కూడా కాస్త తెరిపిచ్చింది. ఆకలి మాత్రం విపరీతం, మొహం గుమ్మడికాయలా తయారైంది. వాపు తగ్గడానికి ఇచ్చిన గోళీలకు మొహం వాస్తుంటే ఇంకా ఎందుకు మింగాలి అనిపించింది. పైగా క్రాసింగ్ సగంలో ఉంది, ఒక్క పూట పోతే ఆ పూట పూసిన పూలన్నీ పోయినట్టే. మా ఆయన అందించిన గోళీలు మింగకుండా కొంగున ముడేసుకుని చేలోకి వెళ్ళేదాన్ని, ఆయనకు చెప్పలేదు. ఆయన నా దగ్గర గడ్డను దాచాడు, నేను ఆయన దగ్గర గోళీలు దాచాను.

వారం తిరగకముందే పత్తి సాలులో పడిపోయాను. ఫిట్స్. నాకేమీ గుర్తులేదు. చేతిలో తాళాలగుత్తి ఇరికించి, ఖాజాబీ ఒళ్ళో తల పెట్టుకుని జీపులో తెచ్చిందట. "నీ కండ్లు తెల్లగైనయక్కా, నా పానం పోయింది" అని ఇప్పటికీ చెబుతుంది.

హైదరాబాదులో ఈసారి రేడియేషన్ మేడం నేరుగా నా మంచం దగ్గరికి వచ్చింది.

"గోళీలు ఎందుకు ఆపేశారు? మీకేం జబ్బో తెలుసా?"

"నరాలకు వాపు మేడం" అన్నాను.

ఆమె మా ఆయన వైపు తిరిగింది. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన మంచం చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. "రొమ్ముల ఉన్న రోగమే... తలకాయలకు ఎక్కిందే" అన్నాడు. చెప్పి, అక్కడే కింద కూర్చుండిపోయాడు.

ముందు నాకు ఏడుపు రాలేదు. ఇంత బరువు లోపల పెట్టుకుని ఈ మనిషి ఇన్నాళ్ళు నాకు పొద్దున్నే గోళీలు, నీళ్ళు ఎలా అందించాడా అని జాలి వేసింది. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం, దాచుకోకుండా.

సాయంత్రం సర్జన్ సారు కూడా వచ్చాడు. డాక్టర్లిద్దరూ కలిసి ఉండగానే అడిగాను. "కోత పెడితే కరెంటు తప్పుతదా సార్? కరెంటు పెడితే కోత తప్పుతదా?"

"కోత పెట్టినా రేడియేషన్ తప్పదు, కాకపోతే గడ్డ తీసిన చోటుకే ఇస్తే సరిపోతుంది. రేడియేషన్ ఒక్కటే ఇవ్వొచ్చు, కానీ మీ గడ్డ పెద్దది, చుట్టూ వాపు బాగా ఉంది. అది కరిగేదాకా వాపు ముదరకుండా ఆగుతుందని నేను మాటివ్వలేను" అన్నాడు సర్జన్.

మేడం అంది: "గడ్డ ఒక్కదానికే గురిపెట్టి ఇద్దామంటే సైజు దాటిపోయింది. తలంతటికీ ఇవ్వాలి. పోనుపోను మతిమరుపు రావచ్చు. చిన్న గడ్డే అయితే ఆపరేషన్ వద్దనేదాన్ని."

"ఆపరేషన్‌ల ఏమన్న అయితదా?" అని సర్జన్‌ను అడిగాను.

"ఒక్కటే ఉంది, పైపైనే ఉంది, తీయడానికి వీలుంది. కానీ చూపుకు సంబంధించిన చోట ఉంది. ఉన్న చూపు కొంత పోవచ్చు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ భయం ఉంది. జబ్బు మొత్తం పోతుందని మాత్రం అనను."

"నా పని నేను చేసుకోవాలె, నా మనుషులను నేను గుర్తుపట్టాలె. ఏ దారిల ఎక్కువ ఆశ ఉంటది?"

"నా లెక్కన ముందు ఆపరేషన్" అన్నాడు సర్జన్. మేడం తలూపింది.

పెద్దబావ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "వద్దమ్మా, తలకాయ తెరిస్తే మనిషి మిగలడు."

"మీ బావమరిదిది దెబ్బ బావా, నాది గడ్డ. రెండూ ఒకటి గాదు. నాకు భయమైతుంది, కానీ తీపిచ్చుకుంట" అన్నాను. సంతకం మా ఆయన పెట్టబోతే, ముందు నేను పెట్టాను.

మెలకువ వచ్చేసరికి మా ఆయన మొహం నా మీదికి వంగి ఉంది. "నేనెవర్ని?" అని అడిగాడు.

"నరాలకు వాపని చెప్పినోడివి" అన్నాను. నర్సు కూడా నవ్వింది.

తర్వాతంతా నున్నగా సాగిందని చెప్పను. కుట్ల దగ్గర చీము పట్టి రేడియేషన్ వెనక్కి జరిగింది. మొహానికి వలలాంటి జాలీ మాస్కు బిగించి బల్లకు కట్టేస్తే ఊపిరాడదేమో అనిపించేది. ఆ చోట జుట్టు ఊడింది. నెలల తరబడి ఎంత నిద్రపోయినా తీరేది కాదు. పోయిన ఏడాది స్కాన్‌లో ఇంకో చుక్క కనిపించింది. చిన్నది కాబట్టి ఈసారి కోత లేదు, దానికే గురిపెట్టి రేడియేషన్ ఇచ్చారు. కాబట్టి నాకు పనికొచ్చిందే అందరికీ మంచిదని ఎవరూ అనుకోవద్దు. నాకే రెండోసారికి దారి మారింది.

ఆపరేషనై ఇప్పటికి నాలుగేళ్ళు దాటాయి. ఎడమ చూపు పూర్తిగా తిరిగి రాలేదు, ఒంటరిగా రోడ్డు దాటను. పేర్లు గుర్తు రాక తిట్టుకుంటాను. ఫిట్స్ గోళీలు మాత్రం తప్పను. స్కాన్‌కు వెళ్ళే వారం అన్నం సహించదు. మిగతా వారాల్లో వండుతాను, పోట్లాడతాను, నవ్వుతాను.

మొన్న నాగర్‌కర్నూల్ నుంచి ఎవరో అమ్మాయి, దవాఖానలో నా నంబరు తీసుకుని, ఫోన్ చేసింది. వాళ్ళ నాన్నకు ఊపిరితిత్తుల నుంచి తలలోకి వచ్చిందట. "అక్కా, ఆపరేషన్ మంచిదా, కరెంటు మంచిదా?" అని అడిగింది.

"నాయన ఏమంటుండు?" అన్నాను.

"ఆయనకింకా చెప్పలే అక్కా. తట్టుకోలేడు."

నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. ఇద్దరు డాక్టర్లనూ ఒక్క చోట కలవండి, వెళ్ళేటప్పుడు జబ్బు ఉన్న మనిషిని లోపలికి తీసుకెళ్ళండి. అదే ఆ అమ్మాయికి చెప్పాను. అవతల ఏడుపు మొదలైంది. మా ఆయన ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నాడు.

"చెప్పు బిడ్డా" అన్నాడు. "చెప్పినంక మేం ఇద్దరమైనం. అంతకుముందు నేనొక్కణ్ణే ఉంటి."