సెనెగల్ ఆటగాడి మోకాలు

ఆ మూడు రోజులూ నేను ఆయన ముఖం కన్నా ఆయన మోకాళ్ళనే ఎక్కువ చూశాను. పెళ్ళయిన ఆడది పరాయి మగవాడి కాళ్ళ వంక అట్లా చూడటమేంటని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. నా భయం నాది.

నేను దంతాలపల్లి దగ్గర ఒక బడిలో పీఈటీని. సెలవు రోజుల్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రెఫరీగా పోతాను. మొదట్లో గీత బయట నిలబడి ఎవడో ఒకడు "ఆడామె రెఫరీనా?" అనేవాడు. బయటివాళ్ళకు పసుపు కార్డు చూపే వీలు లేదు కనుక నోటితోనే జవాబు చెప్పేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ఆ కోపానికీ పాలుంది.

ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడిన మా సీనియర్ ఒకాయన ఆ ఏడాది మూడు ఊళ్ళలో మూడు మ్యాచ్‌లు పెట్టాడు. జనగామలో ఒకటి, మహబూబాబాద్‌లో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి. నేను ఆయన్ని అన్న అంటాను, ఆయన నన్ను చెల్లె అంటాడు. మన పిల్లలు క్రికెట్ తప్ప మరొకటి ఎరగకుండా పెరుగుతున్నారని ఆయన బాధ. నిజమైన ప్రొఫెషనల్ ఆటగాడు బంతిని ఎట్లా ఆపుతాడో ఒక్కసారైనా కళ్ళారా చూపించాలని, కేరళలో పరిచయమైన ఒక సెనెగల్ ఆటగాణ్ణి బతిమాలి పిలిపించాడు.

ఆయనకు ముప్పై ఐదేళ్ళు. పద్దెనిమిదో ఏట సొంతూరు డకార్ వదిలాడట. ట్యునీషియా, లెబనాన్, ఒమన్, బంగ్లాదేశ్, తర్వాత గోవా, కేరళ. మధ్యలో ఇంకో రెండు దేశాలు, నాకు నోరు తిరగలేదు. మహబూబాబాద్ స్టేషన్ దగ్గర వ్యాన్ ఎక్కగానే వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చాడు. ఒకచోట మంచులో ఆడాడు. ఒకచోట క్లబ్బే మూతపడితే ఆర్నెల్లు తోటి ఆటగాడి గదిలో నేల మీద పడుకున్నాడు. "ఏ దేశం పోయినా ముందు మూడు మాటలు నేర్చుకుంటాను," అన్నాడు. "బంతి, అన్నం, నొప్పి." ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ కుంటుతూ నడిచేవే. అందుకే మాకు తొందరగా పొత్తు కుదిరింది. రెఫరీని కుదించి నన్ను రెఫ్ అనేవాడు.

పాలకుర్తి దాకా నవ్వుకుంటూనే పోయాం. అక్కడ టీ తాగేటప్పుడు అసలు సంగతి చెప్పాడు. డకార్‌లో ఆయన పుట్టి పెరిగిన పేటలోని క్లబ్బు, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన్ని పిలిచింది. ఒక్క సీజన్‌కు. ఇంకా పన్నెండు రోజులకు అక్కడ డాక్టర్ల పరీక్ష, అది పాసైతే సంతకం. ఆయనకు పదమూడేళ్ళ కూతురుంది. తండ్రి ఆడుతుంటే ఎదురుగా కూర్చుని ఒక్కసారి కూడా చూడలేదు. ఫోన్‌లోనే చూసింది, అదీ ఆగి ఆగి వచ్చే వీడియో. "ఇంకొక్క ఏడాది ఆడతాను," అన్నాడు. "ఆ పిల్ల వచ్చి కూర్చుని చూస్తుంది. తర్వాత ఆపేస్తాను."

నా గుండెల్లో రాయి పడింది. అన్నను పక్కకు పిలిచాను.

"గింత పెద్ద పరీక్ష ముంగట పెట్టుకున్న మనిషిని మన రాళ్ళ గ్రౌండ్లల్ల ఆడిపిస్తవా? ఏమన్న అయితే ఎట్ల?"

"ఏం గాదు చెల్లె. ఆడకుంట కూసుంటే కాళ్ళు పట్టేస్తయని ఆయిననే వస్తనన్నడు. నువ్వు జర పరేషాన్ గాకు."

"పరేషాన్ గాక? విజిల్ నా నోట్లె ఉంటది గద!"

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మ్యాచ్‌కు ముందు మైదానమంతా నడిచి చూడటం రెఫరీ పని. గుంటలు, రాళ్ళు, గాజు ముక్కలు ఏమున్నా తీయించాలి. మైదానం బాగుందని రెఫరీకి అనిపిస్తేనే ఆట మొదలవుతుంది. జనగామలో నేను గంట ముందే పోయి వంగిన నడుము ఎత్తకుండా ఏరాను. రెండు సంచుల గులకరాళ్ళు, సీసా మూతలు, ఒక ఎడ్ల నాడా.

"మేడం, రాళ్ళేరుతున్నవా, వడ్లేరుతున్నవా?" అని గోడ మీద కూర్చున్న ఒకడు నవ్వాడు.

"ఇయ్యాల ఇవి ఏరకుంటే రేపు నీ పండ్లేరాలె. పక్కకు జరుగు."

ఆ మ్యాచ్‌లో ఎవడో వెనక నుంచి ఆయన మడమ మీద తన్నాడు. నేను కార్డు తీసేలోపే ఆయన లేచి, తన్నినవాడికే చెయ్యిచ్చి లేపాడు. నేను మాత్రం కార్డు చూపించాకే ఆట సాగనిచ్చాను. మహబూబాబాద్‌లో ముందురోజు వాన పడి మైదానం జారుడుగా ఉంది. అక్కడ ఆయన రెండు గోల్స్ కొట్టాడు. పిల్లలు ఆయన మీద పడి చేతులు పట్టుకుని లాగుతుంటే, "కాలు! కాలు తొక్కుతరు, దూరం జరుగుండ్రి!" అని అరిచి అరిచి నా గొంతు పోయింది. బయట మక్కకంకులు కాల్చే అవ్వ ఆయన్ని పైకీ కిందికీ చూసి, "ఏ ఊరు బిడ్డా నీది? అవ్వ ఉన్నదా?" అంది. ఏమంటోందని నన్ను అడిగితే చెప్పాను. ఆయన కంకి అందుకున్నాడు. "అన్ని దేశాల్లో నా పాస్‌పోర్టు అడిగారు, రెఫ్," అన్నాడు. "మా అమ్మ సంగతి అడిగింది ఈమె ఒక్కతే."

ఇక మిగిలింది ఒక్క మ్యాచ్. అదైపోతే మనిషిని క్షేమంగా రైలెక్కించి నిమ్మళంగా ఉండొచ్చు అనుకున్నాను.

భూపాలపల్లిలో మైదానం బొగ్గు గని కాలనీ పక్కనే. మధ్యాహ్నం రెండింటికే పోయి నాలుగు మూలలూ నడిచాను. ఒక్క రాయి లేదు. కాలనీవాళ్ళు ముందే ఊడ్చి, సున్నం గీతలు కొట్టి పెట్టారు. వాళ్ళ జట్టు తరఫున ఆయన, ఎదుటి పక్షం మహదేవపూర్ దిక్కు జట్టు. అంతా సిద్ధం అనుకుంటుండగా గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. అక్కడ ఏ ఆటైనా ఆయన కాయ కొట్టనిదే మొదలుకాదట.

కాయ కొట్టడానికి మైదానంలో ఒక్క రాయీ లేకపాయె. రాళ్ళన్నీ ఊడ్చేశారు కదా! పెద్దాయన నేరుగా గోల్ దగ్గరికి పోయి ఇనుప స్తంభానికి కొట్టాడు. రెండు దెబ్బలకు పగల్లేదు. మూడోసారి కసిగా కొడితే కాయ పగిలి పెంకులు నాలుగు దిక్కులా ఎగిరాయి. పెద్ద ముక్కలు రెండు స్తంభం మొదట్లో పెట్టి, పసుపు కుంకుమ చల్లి, అగరుబత్తులు గుచ్చారు. చిన్న పెంకులు గోల్ ముందు గడ్డిలో పడి ఉన్నాయి. నేను చూశాను. చూసి అటు నడిచాను కూడా.

"బిడ్డా, బూట్లతోని పూజ కాడికి పోకు," అన్నాడు పెద్దాయన.

బూట్ల లేసులు రెండు ముళ్ళు వేసి ఉన్నాయి. అంతలో మైకులో ఎవరో, "మేడం, జల్ది స్టార్ట్ చేయాలె, చీఫ్ గెస్ట్ గారికి ఇంకో ప్రోగ్రాం ఉన్నది," అంటున్నారు. మొదటి సగంలో ఆయన దాడి చేసేది అవతలి గోల్ మీద. సగం ఆట కాగానే బూట్లు విప్పి వచ్చి ఏరేస్తాను అనుకున్నాను. గోల్‌కీపర్‌కు చూసుకోమని చెప్పి విజిల్ వేశాను.

మొదటి సగం ముగుస్తుందనగా మహదేవపూర్ జట్టుకు నేనొక పెనాల్టీ ఇచ్చాను. ఇవ్వాల్సిందే. చెయ్యి బంతికి తగలడం కళ్ళారా చూశాను. విరామం రాగానే కాలనీవాళ్ళు నా చుట్టూ మూగారు. "ఆడామెకు పెనాల్టీ సంగతి ఏమెరుక?" అని ఒకడు అన్నాడు. అంతే, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకిచ్చానో, ఎట్లా ఇచ్చానో, వాడికి ఫుట్‌బాల్ ఎంత తెలుసో అన్నీ కడిగి పారేశాను. ఆ పది నిమిషాలూ దానికే పోయాయి. నేనే నెగ్గాను కూడా. ఛాతీ విరుచుకుని పోయి రెండో సగానికి విజిల్ వేశాను. పెంకులు నా తలలో ఎక్కడా లేవు.

ఇరవై నిమిషాలకు ఎడమ దిక్కు నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. ఆయన ఇద్దరి మధ్యలో నుంచి దూసుకొచ్చి, నేల మీద జారుతూ కాలు చాపాడు. బంతి వలలో పడింది. నేను విజిల్ వేసి మధ్య గీత వైపు చెయ్యి చూపించాను. జనం ఎగురుతున్నారు. ఆయన మాత్రం లేవలేదు. తెల్ల మేజోడు పైనుంచి ఎర్రబడుతోంది. అక్కడికి చేరక ముందే నాకు అర్థమైపోయింది. అయ్యో, అని నోట్లో నుంచి విజిల్ జారిపోయింది.

బొటనవేలంత పెంకు, మోకాలి కింద దిగింది.

ఆయన్ని దవాఖానకు తీసుకుపోయాక నేను బూట్లు విప్పి ఒక్కొక్క పెంకూ ఏరాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. పెద్దాయన నా పక్కనే నిలబడి, "నేను మంచి జరగాల్నని కొట్టిన బిడ్డా," అని ఏడ్చాడు. ఆయన్ని ఏమనను? మైదానం చూడాల్సింది ఆయన కాదు.

ఏడు కుట్లు పడ్డాయి. లోపల పట్టీలాంటి నరం కొంత తెగిందని, ఆరు వారాలు పరుగు మాటే లేదని డాక్టర్ చెప్పాడు. పరీక్షకు ఉన్నది పది రోజులు. ఇంగ్లీషులో ఆ మాట ఆయనకు చెప్పమని అన్న నావైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. అన్నే చెప్పాడు. ఆయన విని, చొక్కా పైకి లాగి ముఖం కప్పుకున్నాడు.

బయట అన్న నాతో మెల్లగా అన్నాడు: "చెల్లె, ఆట అన్నంక దెబ్బలు తాకుతయి. నువ్వేం చెప్పకు. రాయి మీద పడ్డడు అంటే అయిపాయె."

"ఎవలికి అయిపాయె అన్నా? ఆయిన బతుకు పాయె గని!"

మర్నాడు పొద్దున లాడ్జికి పోయి ఆయన ఎదురుగా కూర్చుని చెప్పేశాను. ఆ పెంకులు నేను చూశాను, ఏరాలని అనుకున్నాను, కొట్లాటలో పడి మరిచిపోయాను, తప్పు నాది అన్నాను. నా కుంటి ఇంగ్లీషు ఆ రోజు ఎక్కడా తడబడలేదు.

ఆయన కట్టు మీద చెయ్యి వేసుకున్నాడు. "నేనూ చూశాను," అన్నాడు.

"ఏం చూశారు?"

"ఆ ముక్కల్ని. రెండో సగం మొదలైనప్పుడే చూశాను. మా పేటలో మ్యాచ్‌కు ముందు పెద్దవాళ్ళు గోల్ దగ్గర ఏదో ఒకటి పెడతారు, మంచి జరగాలని. దాన్ని ఆటగాళ్ళు ముట్టుకోరు. మీ పెద్దాయన నా కోసం పెట్టాడు కదా అనుకున్నాను. దాటుకుంటూ ఆడాను."

నాకు ఒళ్ళు మండింది. "అయ్యో నా దేవుడా! ఒక్క మాట నన్ను అడగరాదా నువ్వు? నోట్లె నాలుక లేదా?" అని తెలుగులోనే అరిచేశాను. ఆయన ఏమన్నావని అడిగాడు. ఏం లేదన్నాను. ఆయన చూశానన్నంత మాత్రాన నా బరువు తగ్గలేదు. మైదానం బాగుందని విజిల్ వేసింది నేను.

ఆయన ఆ కుంటి కాలితోనే డకార్ వెళ్ళాడు. పది రోజుల్లో మానిన గాయాలు ఎన్నో చూశానన్నాడు. నేను బళ్ళో పిల్లలతో కసరత్తు చేయిస్తూ కూడా ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగాను. ఇంట్లో మా ఆయన, "ఫోన్ల ఏమున్నదే? ముందుగాల బువ్వ తిను," అని విసుక్కునేవాడు. ముద్ద దిగితే కదా! చూడని దేవుడు లేడు, మొక్కని మొక్కు లేదు. మరిపెడలో ఉండే మా అక్క వాళ్ళ చర్చిలో కూడా ప్రార్థన చేయించాను.

పరీక్ష రోజు సాయంత్రం మెసేజ్ వచ్చింది. డాక్టర్ వంచమంటే మోకాలు వంగలేదు. ఇరవై రెండేళ్ళవాణ్ణి ఒకణ్ణి తీసుకున్నారు. కింద ఇంకో లైన్: "బాధపడకు, రెఫ్." ఆయన తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేది. వంటింట్లో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

నెల దాటాక ఒక ఆదివారం వీడియో కాల్ చేశాడు. ఇంకా కుంటుతున్నాడు. పేటలో పిల్లలకు ఆట నేర్పుతున్నానన్నాడు. మోకాలు చూపించమని నేను అడుగుతుంటే, పక్క నుంచి ఒక పిల్ల ఫోన్ లాక్కుంది. జడలు సన్నగా అల్లుకుని ఉంది. కళ్ళు అచ్చం తండ్రివే. ఇంగ్లీషు బళ్ళో నేర్చుకున్నదిలా ఆగి ఆగి మాట్లాడింది.

"రెఫరీ మీరేనా?"

"నేనే."

"నాన్న ఆఖరి మ్యాచ్ మీరే అందరికంటే దగ్గరగా చూశారట. ఎవరో తీసిన వీడియో పంపారు. అందులో దుమ్ము, జనాల వీపులు తప్ప ఏమీ లేవు. ఆయన ఎలా ఆడాడు?"

ఫోన్ గోడకు ఆనించి పెట్టాను. బంతి ఎడమ దిక్కు నుంచి ఎత్తుగా వచ్చిందని, మీ నాన్నకు అటొకడు ఇటొకడు ఉన్నారని, ఇద్దరికీ అందకుండా మధ్యలో నుంచి వచ్చాడని, ఎడమ కాలి కొసతో తాకించాడని, గోల్‌కీపర్ నిలబడ్డచోటి నుంచి కదలనే లేదని చేతులతో చూపిస్తూ చెప్పాను. పిల్ల రెప్ప వేయకుండా వింది.

"ఆ తర్వాత?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "తర్వాత ఆయన లేవలేదు. అక్కడ పెంకులున్నాయి. ఆటకు ముందు నేను వాటిని తీయాల్సింది. తీయలేదు. తప్పు నాదమ్మా."

పిల్ల తల తిప్పి తండ్రి వంక చూసింది.

"ఆ సంగతి నాన్న చెప్పాడు," అంది పిల్ల. "గోల్ సంగతి మళ్ళీ చెప్పండి. ఈసారి మెల్లగా."

నేను కళ్ళు తుడుచుకుని, బంతి ఎడమ దిక్కు నుంచి వచ్చిన దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను.