చొక్కారావుగారికి రోజుకో నొప్పి

2024 జూలై 8. అత్యవసర విభాగం గేటు దగ్గర నా సర్వే మొదలై ముప్పై ఆరు రోజులు. చొక్కారావుగారికి వచ్చిన నొప్పులు ముప్పై ఆరు. ఆదివారాలు సైతం ఆయన ఆరోగ్యంగా లేరు.

కరీంనగర్ వైపున్న ఆ ఆసుపత్రి పేరు పరిశోధన నియమాల ప్రకారం చెప్పను. అవసరం లేకుండా అక్కడికి ఎవరు వస్తున్నారో లెక్కగట్టడం నా పని. రోగిని, వెంట ఒక్కరిని తప్ప లోపలికి వదలకపోవడం కాపలాదారు జేమ్స్ పని. ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో పదకొండింటికి ప్రత్యక్షం కావడం అరవై ఎనిమిదేళ్ల చొక్కారావుగారి పని.

"ఇయ్యాల ఏం నొప్పి, రావు సాబ్?"

"ఆవలింత సగంల ఆగిపోతున్నది."

"నిన్న వెంట్రుకలు నొస్తున్నయంటిరి?"

"గా నొప్పే గిటు దిగింది."

'రావడానికి కారణం' అనే గడిలో అన్నీ యథాతథంగా రాసుకున్నాను. "ఎడమ బొటనవేలికి ఒక్కదానికే చలి" అన్న రోజు మాత్రం నా పెన్ను ఆగింది.

"రాయి బిడ్డా, ఫికర్ చెయ్యకు. రేపు కుడిదానికి వస్తది, నీ లెక్క సమానమైతది."

ఆ ముప్పై ఆరో రోజు, సోమవారం, సూపరింటెండెంట్ నర్మదగారు నన్ను పిలిపించారు. "ఉత్తగ వచ్చేటోళ్ల జాబితా సాయంత్రానికి ఇయ్యి. రేపటి నుంచి గేటు కాడనే ఆపిస్త."

మొదటి పేరు వెతుక్కోనవసరం లేకపోయింది. సరిచూసుకోవడానికి లోపలి రిజిస్టరు మాత్రం తెప్పించుకున్నాను. అందులో 'వెంట వచ్చినవారు' అనే గడి ఉంది. ఒంటరిగా ఆటో దిగిన మెట్‌పల్లి ఆనందమ్మకు తమ్ముడు: చొక్కారావు. మందమర్రి భూమన్నకు మేనమామ: చొక్కారావు. పాము కరిచిన సత్తమ్మకు మరిది: చొక్కారావు. నలభై ఒక్కమంది రోగులకు ఒకటే ఫోన్ నంబరు, పదమూడు రకాల చుట్టరికాలు. చీటీ రాయించిందీ, మందులు తెచ్చిందీ, స్ట్రెచర్ తోసిందీ ఆయనే.

"నీకు తెలుసా?" అని జేమ్స్‌ను అడిగాను.

"తెల్వకేంది మేడం? నొప్పి చెప్పకుంటే లోపటికి పంపరాదు గదా."

చొక్కారావుగారినీ అడిగాను. "వీళ్లంతా మీ బంధువులేనా?"

ఆయన చొక్కా సర్దుకున్నారు. "వెంట ఎవరొచ్చిండ్రని అడుగుతరు బిడ్డా. ఎవ్వరు రాలేదని చెప్పుడు మనిషికి కష్టమైతది."

పేరు తొలగించడం పరిశోధన ధర్మం కాదు. ముప్పై ఆరు రాకలనూ జాబితాలో ఉంచి, పక్కన నలభై ఒక్క చుట్టరికాల పట్టిక జతచేశాను. నర్మదగారు రెండూ రెండుసార్లు చదివారు.

"ఇంతమంది చుట్టాలున్న మనిషిని ఎట్ల ఆపుత?" అని, ఆయనకు మెడలో వేసుకునే పాసు రాయించారు.

మరుసటి వారం పాసు చూడగానే జేమ్స్ మాట్లాడకుండా గేటు తీశాడు. చొక్కారావుగారు కదల్లేదు.

"అడగవా?"

"పాసున్నది గదా, రావు సాబ్. అడిగే పని లేదు."

"పొద్దటి సంది ఆలోచించుకొని వచ్చిన."

జేమ్స్ గేటు మళ్లీ మూశాడు. "సరే. ఇయ్యాల ఏం నొప్పి?"

"నా నీడ జర కుంటుతున్నది," అని చెప్పి, ఆయన హుషారుగా లోపలికి నడిచారు.