నోలీన్ ఆర్పిన దీపం

కొండమీది విడిదిలో వంట చేసే నోలీన్‌కి సాయంత్రమైతే ఒక పని ఉండేది. పొయ్యిమీద గొర్రెమాంసం పులుసు ఎక్కించి, చేతులు తుడుచుకుని, వసారా చివర వేలాడే పెద్ద దీపం వెలిగించేది. యజమాని చెప్పిన పని కాదు. మంచులో తిరగడానికి వెళ్లినవాళ్లు దారి తప్పితే ఆ వెలుగు పట్టుకుని వస్తారని. ఒక చలికాలం ఆమె మొగుడు మెర్వ్ అలాగే వచ్చి పడ్డాడు, కనుబొమలమీద మంచు గడ్డకట్టి. అప్పట్నుంచి ఆ దీపం పెట్టడం ఆమెకి ప్రార్థన చేసుకోవడంతో సమానం.

ఆ వసంతంలో దాన్ని ఆర్పమన్నారు.

అడిగింది బ్రిడీ. విడిది వెనక బండరాళ్ల గుట్టలో ఉండే కొండ పోసమ్‌లను కనిపెట్టుకుని ఉండటం ఆమె ఉద్యోగం. చిట్టెలుకంత ప్రాణి అది. కంగారూలాగే పిల్లల్ని కడుపుసంచిలో మోస్తుంది, కోడిగుడ్డంత బరువైనా తూగదు. చలికాలమంతా మంచుకింద ముడుచుకుని పడుకుని, లేచేసరికి ఆకలితో నకనకలాడుతుంది. సరిగ్గా అప్పుడే ఉత్తరాది మైదానాల నుంచి బొగోంగ్ రెక్కల పురుగులు మబ్బులా ఎగిరొచ్చి ఆ బండల సందుల్లో దూరతాయి. తల్లులు వాటిని తిని పిల్లలకి పాలిస్తాయి. పురుగులు లేకపోతే పాలు లేవు. కొన్నేళ్లుగా వచ్చేవే తగ్గిపోయాయి. ఆ వచ్చేవి కూడా దారిలో దీపం కనపడితే దాని చుట్టూ తిరిగి తిరిగి అక్కడే రాలిపోతాయి.

"ఊళ్లో అందరూ సరేనన్నారు నోలీన్. నీ దీపం ఒక్కటే మిగిలింది," అంది బ్రిడీ, అడగడానికి మొహమాటపడుతూనే.

మెర్వ్‌కి నచ్చలేదు. "ఆ దీపమే లేకపోతే మంచు కరిగాక నా ఎముకలు ఏరుకునేదానివే," అన్నాడు.

"అప్పుడైనా బూట్లు బయట విప్పి లోపలికొచ్చేవాడివి," అంది నోలీన్. కానీ ఆ పూటంతా బంగాళాదుంపలు మందంగానే చెక్కింది, సగం దుంప తొక్కతోనే పోయింది. ఇటు చూస్తే దారితప్పే మనుషులు, అటు చూస్తే పాలు లేని తల్లులు. ఎటువైపూ కాదనలేని ప్రాణాలే. చివరికి, "మనుషుల సంగతి నువ్వు చూసుకో ప్రభువా," అని దీపం దించేసింది.

దించింది గానీ మనసూరుకోలేదు. పొగమంచు దిగిన ప్రతి సాయంత్రం వసారాలో నిలబడి, దారితప్పినవాళ్లకి చప్పుడైనా వినపడాలని గరిటెతో మూకుడు వాయించడం మొదలుపెట్టింది.

"ఏం నోలీన్, భోజనాల పిలుపా? పళ్లెం తెచ్చుకోనా?" అని అరిచాడు కింద, జనాన్ని తీగమీద కొండెక్కించే బండికి మరమ్మతులు చేసే క్లారీ.

"తెచ్చుకో. తిన్నాక అంట్లు కూడా తోమిపో!"

మర్నాడు క్లారీ వచ్చి, తమ ఇంటి పశువుల మెడగంట ఒకటి వసారా కమ్మీకి కట్టి, తాడు ఆమె చేతికి అందేలా వేలాడదీశాడు. మూకుడుకి సొట్ట పడుతుందని వచ్చానన్నాడు, అంతే.

ఇక ఎదురుచూపులు. వెనకటి ఏళ్లలో పులుసులో పురుగు పడిందని అతిథులు కేకలేసేవాళ్లు. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కేవారు. ఇప్పుడు నోలీన్ కిటికీ తెరిచిపెట్టి చూస్తోంది. మంచు కరిగింది, వాగు పారింది, బండల పక్కన పొదలు చిగుర్లేశాయి. పురుగులు రాలేదు. ఒకరోజు పిండిబస్తామీద ఒకటి కనపడితే దోసిట్లో పట్టుకుని గుట్టదాకా నడిచి వెళ్లి రాతిసందులో వదిలి వచ్చింది.

"ఒక్కదానితో ఊరంతటికీ విందా?" అన్నాడు మెర్వ్. అని, ఆమె ముఖం చూసి, టీ తనే పెట్టాడు.

ఆ దక్షిణ దేశంలో వసంతం ముగిసే నవంబరులో, పోసమ్‌లను పట్టి చూసే రోజు వచ్చింది. బ్రిడీతోపాటు పని చేసే మనిషి కాలు బెణికితే, సంచులు మోయడానికి నోలీన్ వెళ్లింది. రాళ్లమధ్య రేకు పెట్టెలు పెట్టి ఉంచారు, లోపల ఎరగా అక్రోటు పలుకు, చలి తగలకుండా కాస్త దూది. తెల్లవారి తెరిస్తే ఒకదానిలో పోసమ్ బంతిలా ముడుచుకుని ఉంది.

"చెవికి చిన్న గాటు. మన పాతదే," అని బ్రిడీ దాన్ని గుడ్డసంచిలోంచి చేతిలోకి తీసుకుని, బొటనవేలితో కడుపుసంచి మెల్లగా తెరిచింది. చాలాసేపు చూసింది.

"పోయిన నెల చూసినప్పుడు సంచిలో పిల్లలున్నాయి. చిక్కుడు గింజలంత," అంది.

"ఇప్పుడు?"

బ్రిడీ తల అడ్డంగా ఊపింది.

నోలీన్ వంగి చూసింది. "నా దీపమేనా తల్లీ? ఆర్పడం ఆలస్యం చేశానా?"

"నీ దీపం కాదు నోలీన్. అక్కడ మైదానంలో వానల్లేవు, గడ్డి మొలవలేదు. పురుగులు పుట్టనేలేదు. ఇక్కడ మనం దీపాలన్నీ ఆర్పినా..."

తన తప్పే అయితే బాగుండుననిపించింది నోలీన్‌కి. తప్పుకైతే మోకాళ్లమీద పడి క్షమించమనొచ్చు, రేపట్నుంచి దిద్దుకోవచ్చు. ఎక్కడో కురవని వానకి ఈ కొండమీద వంటమనిషి ఏం దిద్దుకుంటుంది?

"చలికి బిగుసుకుంది. కాస్త వెచ్చబెట్టి వదులుదాం, పట్టుకుంటావా?" అని బ్రిడీ దాన్ని మళ్లీ సంచిలో పెట్టి ఆమెకిచ్చింది. నోలీన్ దాన్ని ఉన్నిచొక్కా లోపల, గుండెకి ఆనించి పెట్టుకుని బండమీద కూర్చుంది. కాసేపటికి లోపల చిన్న కదలిక, గోళ్లు గుడ్డని గీరుతున్నాయి.

"ఒక అక్రోటు ఎక్కువ పెట్టనా దీనికి?"

"పెట్టు. పాలకి అదొక్కటే చాలదు, అయినా పెట్టు."

నోలీన్ రాతిసందు దగ్గర పలుకు పెట్టి, సంచి మూతి విప్పింది. పోసమ్ ఆమె వేళ్లమీద ఒక్క క్షణం నిలబడింది, పలుకు వాసనైనా చూడకుండా చీకటి సందులోకి జారిపోయింది. తోక కూడా లోపలికి పోయేదాకా ఆమె చెయ్యి చాపే ఉంచింది.

"పద," అంది బ్రిడీ చెయ్యందించి. "ఇంకా పెట్టెలున్నాయి."