మేస్త్రి అడగడం మానేసిన మాట

ఎల్లారెడ్డిలో ట్రాక్టర్ ట్రాలీలకు లైట్లు బాగుచేసే మా మేస్త్రి పోయిన వారం చనిపోయాడు. "పొద్దుగాల చాయ తాగి ఒరిగిండు, మళ్ల లేవలే" అని ఆయన భార్య ఫోన్‌లో చెప్పింది. నాగిరెడ్డిపేట నుంచి నేను చేరేసరికి దుకాణం షట్టర్ దించి ఉంది. ముందు రెండు ట్రాలీలు ఆగి ఉన్నాయి. వాటిని తెచ్చినవాళ్లకు ఇంకా కబురు తెలియదు.

మా వైపు రైతులం ఏటా చేసే తెలివితక్కువ పని ఒకటుంది. దసరా పూజకని లైట్లు విప్పి ట్రాలీకి నిలువెల్లా రంగు కొడతాం. ఎర్తు తీగను ఆ రంగు మీదే మళ్లీ బిగిస్తాం. పండగ మర్నాడు ఇండికేటర్ వేస్తే వెనక లైట్లన్నీ మసగ్గా మిణుకుమంటాయి. కొత్త బల్బులు కొనుక్కుని మేస్త్రి దగ్గరికి పరుగెత్తేవాళ్లం. ఆయన వాటిని పక్కన పెట్టి, బోల్టు విప్పి, కింద ఉన్న రంగును గరుకు కాగితంతో గీకేవాడు.

"బల్బు ఏం పాపం జేసింది తమ్మీ? ఎర్తుకు ఇనుము తగలాలె. నువ్వు దానికి కొత్త అంగీ తొడిగినవ్" అనేవాడు. లైట్లు వెలిగేవి, మేం సిగ్గుపడేవాళ్లం. మరుసటి దసరాకు మళ్లీ అదే పని.

రెండేళ్ల కిందట ఆయన తీగల రంగులు పోల్చుకోలేక తడబడటం చూశాను. బలవంతంగా కామారెడ్డి కంటి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. షుగర్ వల్ల పోయిన చూపు ఇక రాదన్నారు. తిరుగు బస్సులో నా చేయి పట్టుకున్నాడు.

"ఎవ్వలకు చెప్పకు. చెప్తే ఒక్క బండి రాదు. పని చేతులకు ఎరికే. వెలిగిందా లేదా అన్నదే నాకు తెలుస్తలేదు. గదొక్కటి నువ్వు చెప్పు."

సరేనన్నాను. అప్పటినుంచి ఎల్లారెడ్డి పోయినప్పుడల్లా దుకాణంలో కూర్చునేవాణ్ని. ఎవరి ట్రాలీ అయినా సరే, "వెలిగిందా?" అంటూ నావైపు తిరిగేవాడు. అంత పనిమంతుడు నా మాట మీద బండిని రోడ్డెక్కించడం నాకు గర్వంగా ఉండేది.

పోయిన యాసంగి కోతలప్పుడు మబ్బు పట్టింది. కల్లంలో వడ్లు ఆరబోసి ఉన్నాయి, నా ట్రాలీ ఆయన దగ్గరుంది. కుడి లైటు వచ్చింది, ఎడమది రాలేదు. "వెలిగిందా?" అన్నాడు.

"వెలిగిందన్నా" అన్నాను. వడ్లు తడుస్తాయన్న తొందర. కానీ అబద్ధం అబద్ధమే.

ఎందుకో ఆయన లేచి వచ్చాడు. ఎడమ లైటు అద్దం విప్పి బల్బుకు వేలు ఆనించాడు.

"సల్లగున్నది తమ్మీ" అన్నాడు.

తిట్టలేదు. తీగ విప్పి, సరిచేసి పంపించాడు. ఆ రోజు వాన కూడా రాలేదు.

తర్వాత కూడా నాకు చాయ తెప్పించేవాడు, పొలం సంగతులు అడిగేవాడు. ఆ ఒక్క మాట మాత్రం మళ్లీ అడగలేదు. తప్పయిందని చెప్పాలని పోయి, ఎవరో ఒకరు ఉన్నారని తిరిగి వచ్చేవాణ్ని. ఎవరూ లేని రోజు కూడా వచ్చేశాను. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

ఆయన్ని ఆఖరిసారి చూసింది నెల కిందట. ఎవరిదో ట్రాలీ పని ముగించాడు. స్విచ్ వేసి, తడుముకుంటూ వెనక్కి వచ్చి, ఎర్రటి అద్దం మీద అరచేయి పెట్టాడు. లైటు అప్పటికే వెలుగుతోంది. రెండడుగుల దూరంలో నేనున్నానని ఆయనకు తెలుసు. ఆయన తల పక్కకు తిప్పి, అద్దం వేడెక్కేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.